నాన్నల పండుగ సరే, నాన్నలు ఏరీ?

జూన్‌లో బళ్లు తెరిచి పట్టుమని పది రోజులు కాకముందే ఇంటికో చీటీ వస్తుంది. 'ఫాదర్స్ డే సందర్భంగా మీ చిన్నారి నాన్నగారితో కలిసి రావాలి. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు. నాన్న గురించి స్టేజి మీద రెండు మాటలు చెప్పాలి.' ఆ చీటీ చదివేది ఎవరు? అమ్మ. చార్టు పేపరు, జిగురు సీసా, రంగు కాగితాలు కొనుక్కొచ్చేది ఎవరు? అమ్మే. రాత్రి పదింటికి పిల్లాడు నిద్రపోయాక దీపం కింద కూర్చుని 'ఐ లవ్ యూ డాడీ' అని గుండె బొమ్మ కత్తిరించేదీ అమ్మే. మదర్స్ డే మే నెల సెలవుల్లో పడి బతికించింది గానీ, లేకుంటే ఆ కార్డు కూడా ఆవిడే చేసుకుని, ఆవిడే అందుకుని, ఆవిడే మురిసిపోవాలి!

ఇది అన్ని ఊళ్లలోనూ ఉన్న తంతే. చొప్పదండిలాంటి చోటికి వచ్చేసరికి మరో చిక్కు ఎదురవుతుంది. కరీంనగర్‌కు దగ్గర్లో ఉన్న పట్నం ఇది. జిల్లాకు మంజూరైన నవోదయ విద్యాలయం ఇక్కడే ఉంది. పిల్లకు మూడేళ్లు నిండగానే ఏ నర్సరీలో వేద్దామా అని లెక్కలు వేసే ఇళ్లూ ఉన్నాయి, వీధి చివర అంగన్‌వాడీకి నడిపించుకుపోయే ఇళ్లూ ఉన్నాయి. ఆ పిల్లల్లో ఎంతమందికి, ఆ రోజు పొద్దున పదింటికి తెల్ల చొక్కా వేసుకుని వచ్చి పక్కన నిలబడే నాన్న ఉన్నాడు?

లెక్క వేసి చూడండి. ఉత్తర తెలంగాణ మగవాళ్లు గల్ఫ్ బాట పట్టి దాదాపు అర్ధ శతాబ్దం కావస్తోంది. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ వైపు దుబాయ్ పేరు తెలియని పల్లె లేదు. గల్ఫ్ ఇళ్లలో మూడేళ్ల పాపను పట్టుకుని 'మీ బాపు ఏడున్నడే?' అని అడగండి. చేత్తో చూపించేది తలుపు వైపు కాదు, అమ్మ చేతిలోని ఫోను వైపు. ఆ పిల్లకు బాపు ఉండేది ఫోన్‌లో. రెండేళ్లకోసారి పెట్టెతో దిగినప్పుడు ఈయనెవరో అన్నట్టు అమ్మ వెనకాల దాక్కుంటుంది. చాక్లెట్లిస్తే గానీ దగ్గరికి రాదు. దగ్గరయ్యేసరికి సెలవు అయిపోతుంది.

గల్ఫ్ ఒక్కటే కాదు. భీవండిలో, ముంబయిలో, సూరత్‌లో మగ్గాల మీద ఉన్న తండ్రులున్నారు. లారీ మీద వారాల తరబడి తిరిగే తండ్రులున్నారు. సరే, ఊళ్లోనే ఉన్న రైతు సంగతో? మృగశిర కార్తె, మన వైపు మాటలో మిరుగం, చొచ్చేది జూన్ ఏడెనిమిది తేదీల్లో. పత్తి గింజ పెట్టే అదను, నారుమడి దున్నే అదను సరిగ్గా ఈ ఫాదర్స్ డే వారమే. వాన పడ్డ మర్నాడు పొద్దున పదింటికి చేను వదిలి బడి స్టేజి ఎక్కమంటే ఏ బాపు వస్తాడు? రాలేదని ఆయన్ను తప్పుపట్టడమూ కుదరదు.

ఇక అసలు లేనివాళ్లు. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల పరిహారం ఇవ్వడానికి తెలంగాణ ప్రభుత్వం 2024 సెప్టెంబరులో ఉత్తర్వులు ఇచ్చింది. అలాంటి ఉత్తర్వు ఒకటి కావాల్సి వచ్చిందంటేనే ఎన్ని ఇళ్ల ముందు పెట్టెలు దిగాయో అర్థం చేసుకోవచ్చు. పత్తి అప్పుల్లో ప్రాణం తీసుకున్న తండ్రులున్నారు. వదిలేసి వెళ్లినవాళ్లున్నారు. ఇంట్లోనే ఉండి, సాయంత్రమైతే ఆ అడుగుల చప్పుడుకే పిల్లలు మంచం కిందికి దూరే తండ్రులూ ఉన్నారు. వీళ్లందరి పిల్లలకూ అదే చీటీ, అదే 'మై డాడీ ఈజ్ మై హీరో'.

అలాగని ఈ పండుగ వద్దే వద్దంటారా? నేను అనను. దీన్ని మార్చుకుందామంటాను. ఎందుకో చెప్పాలంటే అది పుట్టిన చోటికి వెళ్లాలి.

బొగ్గుబావి దగ్గర పుట్టిన పండుగ

ఫాదర్స్ డే అంటే గ్రీటింగ్ కార్డుల కంపెనీ కనిపెట్టిందనుకుంటాం. కాదు. అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో మోనంగా అనే ఊరి బొగ్గు గనిలో 1907 డిసెంబరు 6న పేలుడు జరిగింది. 360 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది ఇటలీ, పోలండ్‌లాంటి దేశాల నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చినవాళ్లు. దాదాపు వెయ్యిమంది పిల్లలు ఒక్క పూటలో తండ్రి లేనివాళ్లయ్యారు. పక్కనే ఉన్న ఫెయిర్‌మాంట్ పట్నంలో గ్రేస్ గోల్డెన్ క్లేటన్ అనే ఆవిడ మనసు ఆగక, 1908 జూలై 5న తండ్రుల స్మృతిలో చర్చిలో ప్రార్థన జరిపించింది. తెలిసినంతలో మొదటి నాన్నల రోజు అదే. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి ఆడవాళ్లకు ఈ కథను ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

రెండో కథ వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పొకేన్ పట్నంలోది. సొనోరా స్మార్ట్ డాడ్ తల్లి 1898లో కాన్పులో చనిపోయింది. ఆరుగురు పిల్లల్ని తండ్రి ఒక్కడే పెంచాడు. 1909లో చర్చిలో తల్లుల రోజు ప్రసంగం వింటూ, మరి మా నాన్నకో అనుకుందావిడ. తండ్రి పుట్టినరోజు జూన్ 5న జరపమని అడిగితే, ప్రసంగాలు తయారు చేసుకోవడానికి వ్యవధి చాలదని పాస్టర్లు మూడో ఆదివారానికి జరిపారట. అలా 1910 జూన్ 19న మొదటిసారి జరిగింది. దాన్ని చట్టబద్ధం చేయడానికి ఆ దేశానికి 1972 దాకా పట్టింది.

చూశారా, రెండు కథల్లోనూ స్టేజీ లేదు, టై లేదు, బహుమతి లేదు. మొదటి కథలో పరదేశం పోయి పనిలో ప్రాణం పోగొట్టుకున్న తండ్రులు. రెండో కథలో వంటచేసి, జడలు వేసి, జ్వరమొస్తే రాత్రంతా మేలుకున్న తండ్రి. ఈ పండుగ చొప్పదండికి పరాయిదేమీ కాదు. మనకు చేరేసరికి దాని రూపం మారిపోయింది, అంతే. తేదీ కూడా శాసనమేమీ కాదు. ఆస్ట్రేలియాలో సెప్టెంబరు మొదటి ఆదివారం, థాయ్‌లాండ్‌లో డిసెంబరు 5 జరుపుకుంటారు.

ఆ మాటకొస్తే మనకు తండ్రుల్ని తలచుకునే రోజు లేదా? ఉంది. పెత్రమాస. బియ్యం, పప్పు, కూరగాయలు పళ్లెంలో పెట్టి తాత పేరు, తండ్రి పేరు చెప్పుకుంటాం. చిక్కల్లా ఒకటే, ఆ మర్యాద ఆయన పోయాకే దక్కుతుంది. అదే రోజు సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. ఆ బతుకమ్మకు తెల్లవారుజామునే గునుగు, తంగేడు కోసుకొచ్చేది చాలా ఇళ్లలో బాపులే, అన్నలే. బిడ్డ కోసం చెరువు గట్టు వెంట పూలకు పోయిన బాపును ఎప్పుడైనా ఏ బడైనా స్టేజి మీదికి పిలిచిందా?

పని అమ్మకు, సంతకం నాన్నకు

ఇక్కడో సంగతి గమనించండి. రాష్ట్రంలో పిల్లల్ని అంగన్‌వాడీల్లో చేర్పించడానికి 2024లో జరిపిన కార్యక్రమం పేరు 'అమ్మ మాట - అంగన్‌వాడీ బాట'. బడుల మరమ్మతులు చూసేందుకు అదే ఏడాది వేసిన కమిటీలు 'అమ్మ ఆదర్శ పాఠశాల' కమిటీలు. ఆంధ్రప్రదేశ్‌లో ఒకప్పుడు 'అమ్మ ఒడి', 2025లో 'తల్లికి వందనం'. వినడానికి కమ్మగా ఉంటాయి. కానీ పిల్లల గురించిన ప్రతి పనీ అమ్మ పేరున రాసేస్తే, ఆ పని నాన్నది కాదని ప్రభుత్వమే చెప్పినట్టు కాదూ? అంగన్‌వాడీలో పిల్లల చదువు గురించి మాట్లాడేందుకు నెలనెలా రోజు పెట్టి పిలిచేది తల్లిదండ్రులిద్దరినీ. చాపల మీద కూర్చునేది మాత్రం తల్లులు, నానమ్మలు.

పైవాళ్లకూ ఇది తట్టినట్టుంది. 2025 సెప్టెంబరు, అక్టోబరుల్లో దేశమంతా జరిగిన పోషణ మాసంలో పిల్లల పెంపకంలోకి, పోషణలోకి మగవాళ్లను తీసుకురావడం ఒక ముఖ్యాంశంగా పెట్టారు. సంతోషం. కాకపోతే పోస్టరు మీద పాపను ఎత్తుకున్న నాన్న బొమ్మ వేస్తే సరిపోదు.

పని అమ్మదైతే సంతకం ఎవరిది? నాన్నది! ఫారం మీద మొదటి గీత 'తండ్రి పేరు'. గల్ఫ్ భార్యలకు ఇది బాగా అనుభవం. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టంలో సహజ సంరక్షకుడు తండ్రి, అతని తర్వాతే తల్లి అని రాసి ఉంది. రచయిత్రి గీతా హరిహరన్ తన కొడుకు పేరున బాండ్ల కోసం దరఖాస్తు చేస్తే రిజర్వు బ్యాంకు తండ్రి సంతకం అడిగింది. ఆవిడ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 'తర్వాత' అంటే తండ్రి చనిపోయాక అనే కాదు, ఆయన అందుబాటులో లేనప్పుడు, పట్టించుకోనప్పుడు కూడా అని 1999లో కోర్టు తేల్చింది. పాస్‌పోర్టు దరఖాస్తులో తల్లిదండ్రుల్లో ఒకరి పేరు చాలని 2016 డిసెంబరులో నిబంధన మార్చారు. చట్టం ఇంత దూరం వచ్చింది. నర్సరీ చీటీ మాత్రం 'నాన్నగారితో కలిసి రావాలి' దగ్గరే ఆగిపోయింది.

పెద్దబాపూ బాపే

చీటీలో మార్చాల్సింది ఒక్క వాక్యం. 'నాన్నతో రావాలి' బదులు 'మీ పాప ఎవరి చెయ్యి పట్టుకొస్తానంటే వారితో రండి' అని రాయండి.

అలా రాస్తే నాన్నను తక్కువ చేసినట్టా? మన భాషనే అడగండి. నాన్న అన్నను ఏమంటాం? పెద్దబాపు. తమ్ముడో, చిన్నబాపు. మరోచోట పెదనాన్న, చిన్నాన్న. తండ్రి ఒక్కడేనని మన పల్లె మాట ఏనాడూ అనలేదు. పుట్టువెంట్రుకలు తీసేటప్పుడు పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకునేది మేనమామ. అంగన్‌వాడీకి వేలు పట్టుకుని తీసుకుపోయేది, కోడిగుడ్డు పెంకు ఒలిచి పెట్టేది తాత. ఈ మనుషులందరూ ఇప్పటికే తండ్రి పని చేస్తున్నారు. పండుగనాడు మాత్రం వాళ్లకు కుర్చీ లేదు.

ఒక జాగ్రత్త. తండ్రి లేని పిల్లకు 'మీ తాతనే నీకు నాన్న అనుకో' అని టీచరమ్మ నచ్చజెప్పబోవడం వద్దు. తాత తాతే. ఆ పిల్లకు తెలుసు ఆ తేడా. 'అమ్మే నాన్న కూడా' అని తల్లిని స్టేజి ఎక్కించి కన్నీళ్లు పెట్టించడం అంతకన్నా పెద్ద తప్పు. నిజానికి ఆ తల్లి చప్పట్లు అడగలేదు. పది నిమిషాలు కూర్చునే తీరిక దొరికితే చాలనుకుంటోంది. పిల్ల అమ్మ చెయ్యే పట్టుకొస్తానంటే రానివ్వండి, అందరిలాగే కూర్చోనివ్వండి.

శుక్రవారం, మధ్యాహ్నం రెండింటికి

ఇప్పుడు పని సంగతి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు అంగన్‌వాడీల్లో ఆటపాటలతో చెప్పేందుకు 2024లో కేంద్రం 'ఆధారశిల' అనే పాఠ్యప్రణాళిక తెచ్చింది. చుట్టూ ఉన్న వస్తువులతో, మనుషులతో నేర్పడం అందులో ముఖ్యం. నాన్నల రోజుకు ఇంతకన్నా తగిన దారి ఏముంటుంది? చార్టు పేపరు ఒక్కటీ అక్కర్లేదు.

మొదట ఆదివారాన్ని వదిలేయండి. ఎలాగూ బడికి సెలవు. సౌదీ, కువైట్, ఖతార్, ఒమన్‌లలో వారాంతపు సెలవులు శుక్ర, శనివారాలు. దుబాయ్ వైపు ప్రభుత్వ కార్యాలయాలకు 2022 నుంచి శని, ఆదివారాలకు మార్చారు గానీ, సైట్ల మీద పనిచేసేవారికి అది కంపెనీని బట్టి ఉంటుంది. ఇంకో వెసులుబాటు చూడండి. ఎండలో పనిచేసేవారికి దుబాయ్, అబుదాబీ వైపు జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు పని ఆపాలని నిబంధన. సౌదీలో అదే తేదీల్లో పన్నెండు నుంచి మూడు. జూన్ మూడో ఆదివారం ఏ ఏడాదైనా 15కూ 21కీ మధ్యే వస్తుంది. అంటే నాన్నల రోజు వచ్చే వారంలోనే ఈ నాన్నలకు మధ్యాహ్నం నీడ దొరకడం మొదలవుతుంది. అక్కడి పన్నెండున్నర ఇక్కడ రెండు. సౌదీ పన్నెండు మనకు రెండున్నర. కనుక శుక్రవారం, మధ్యాహ్నం రెండింటికి పెట్టుకోండి. భోజనాలై పిల్లలు కునుకు తీసే వేళ అంటారా? ఆ ఒక్క రోజూ కునుకు గంట వెనక్కి జరిగితే కొంప మునగదు.

దుబాయ్‌లో వాట్సాప్ కాల్స్ మీద ఆంక్షలున్న సంగతి ఆ ఇళ్లవాళ్లకు తెలిసిందే. అందుకని కాల్ కోసం కూర్చోవద్దు. గొంతు రికార్డు చేసి పంపమనండి. రెండు నిమిషాలు చాలు. ఫోను పెద్ద చప్పుడుతో పెట్టి తరగతి అంతటికీ వినిపించండి. 'ఇది ఎవరి బాపు గొంతు?' అని ఆట పెట్టండి. తన బాపు గొంతు పది మంది విన్నప్పుడు ఆ పిల్ల కూర్చునే తీరు చూడండి. ఫోన్‌లో ఉండే బాపు ఆ కాసేపూ బడిలో ఉంటాడు.

ఊళ్లో ఉన్నవాళ్ల కోసం మరో ఆట. ఇంట్లో మగవాళ్ల పని సామాన్లు ఒక్కొక్కటి సంచిలో వేసి తెమ్మనండి. తాపీ, కొలత టేపు, సున్నం బ్రష్షు, దువ్వెన, గౌడుల మోకు, మగ్గం నాడె, లారీ మీద కట్టే తాడు. పదునున్నవి మాత్రం వద్దు. పిల్లలు సంచిలో చెయ్యి పెట్టి తడిమి, అదేమిటో, ఎవరిదో చెప్పాలి. మోకు ఎంత బరువుందో ఎత్తి చూసిన పిల్లాడికి తాటిచెట్టు ఎక్కే మనిషి మీద మర్యాద దానంతటదే వస్తుంది. ఇందులో ఉద్యోగస్తుడి బిడ్డ, కూలివాని బిడ్డ అన్న తేడా రాదు. నల్ల ప్యాంటు, టై పెడితే మొదట వచ్చేది ఆ తేడాయే.

వచ్చిన మగవాళ్ల చేత ఉపన్యాసాలు ఇప్పించకండి, దయచేసి. మనవాళ్లకు మైకు దొరికితే వదలరు. కింద చాప మీద కూర్చోబెట్టండి. తన పిల్లకే కాకుండా పక్కనున్న ఇంకో పిల్లకు కూడా అన్నం కలిపి తినిపించమనండి. మూతులు తుడవమనండి. పళ్లేలు కడగమనండి. ఆయమ్మను ఆ పూట కుర్చీలో కూర్చోమనండి. అరచేతికి రంగు పూసి తెల్లకాగితం మీద పెద్ద చెయ్యి, దాని మధ్యలో చిన్న చెయ్యి అచ్చు వేయించండి. అది తాత చెయ్యైనా, మామ చెయ్యైనా అచ్చు ఒకేలా పడుతుంది. చేను పనిలో ఉండి రాలేని బాపుకు ఆ కాగితం ఇంటికే పంపండి, రాత్రి ఇంట్లో వేసి పంపుతాడు.

చేయకూడనివి కూడా కొన్ని ఉన్నాయి. 'బెస్ట్ ఫాదర్' బహుమతి పెట్టకండి. 'మీ నాన్నేడి?' అని నలుగురిలో అడగకండి. ఏ పిల్ల ఇంట్లో ఏముందో టీచరమ్మ ముందే తల్లిని పక్కకు పిలిచి కనుక్కోవాలి. ఈ ఒక్క పని చేస్తే సగం కష్టం తీరుతుంది. ఇంట్లో తాగి కొట్టే తండ్రి ఉన్న పిల్లాడు ఎవరి చెయ్యి పట్టుకొస్తానంటాడో చెవిపెట్టి వినండి. నాన్న పేరు చెప్పకపోతే బలవంతం చేయకండి, ఎందుకని అక్కడే తరచి అడగకండి. ఆ తల్లితో తర్వాత మాట్లాడండి. ఆవిడకు సాయం కావాలంటే మహిళల హెల్ప్‌లైన్ 181, పిల్లలకోసం 1098 ఉన్నాయని చెప్పండి. వేడుక ఫొటోలు తరగతి వాట్సాప్ గ్రూపులో పెట్టే ముందు కూడా ఓ నిమిషం ఆగండి. ఆ ఫొటోలో ఎవరి పక్కన ఎవరు లేరో చూసేవాళ్లు ఆ గ్రూపులో ఉంటారు.

తల్లులకు ఒక మాట. ఆయన గొంతు పంపమంటే, 'నాకేం మాట్లాడొస్తది, బడి పిల్లలకు నేనేం చెప్తా' అని తప్పించుకుంటాడు. నీతి వాక్యాలేవీ వద్దని చెప్పండి. 'బాగా చదువుకో బిడ్డా' కూడా వద్దు, అది రోజూ ఉండేదే. పొద్దున ఎన్ని గంటలకు లేచాడో, బస్సులో ఎక్కడికి పోయాడో, ఏం తిన్నాడో చెప్పమనండి. ఖుబ్బూస్ అంటే ఏమిటో, అది మన రొట్టె కన్నా ఎంత పెద్దదో, దానిలోకి పప్పు తనే వండుకున్నాడో లేదో చెప్పమనండి. ఖుబ్బూస్ అన్న మాట విన్న పిల్లలు ఇంటికెళ్లేదాకా దాన్నే అనుకుంటూ నవ్వుతుంటారు. వాళ్ల నవ్వు కూడా రికార్డు చేసి ఆయనకు పంపండి. సాయంత్రం పని దిగి గదికి చేరాక వింటాడు.